పన్నెండో వాలుగీత

మా ఆవిడగారికి, ఆవిడగారి మొగుడు గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు కడుక్కుని, బుద్ధిగా కూర్చుని రాయునది.

ఇక్కడ మేమంతా కులాసా. మేమంతా అంటే పెద్ద పటాలమేం కాదు, మీ అమ్మ, నేను. ఆవిడ నాకంటే ఒక పాలు ఎక్కువే కులాసా, రోజుకి నాలుగుసార్లు నన్ను తిట్టే ఓపిక ఉంది కాబట్టి. నువ్వు అక్కడ వేళకి తిని, ఆ తెర ముందు నుంచి అప్పుడప్పుడైనా లేచి, కళ్లకి కాస్త గాలి తగలనిస్తున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం వ్యాన్లో వచ్చింది. డ్రైవరు దాన్ని బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఊపి, "ఈసారి వదిన ఉత్తరం పలచబడింది గ్రీజన్నా, కాపురంలో కరువొచ్చిందా?" అన్నాడు. "మీ వదిన మాటలు చిక్కబడ్డాయిరా, అందుకే కాగితం తగ్గింది" అన్నాను. వాడూ నవ్వాడు, నేనూ నవ్వాను. సెల్‌ఫోను లోపలికి తెస్తే ఆకాశాన్ని వినే మా యాంటెన్నా గొడుగులకి చెవుడొస్తుందని గేటు దగ్గరే లాగేసుకునే చోట నా ఉద్యోగం కాబట్టి, లోకమంతా మానేసిన ఉత్తరాలు మనిద్దరమే రాసుకుంటున్నాం. ఆఫీసులో తీగ ఫోను ఉంది గానీ, దాంట్లో పెళ్లాంతో మాట్లాడితే సగం మాటలు నీకు, సగం మాటలు అకౌంటెంటుకి. ఈ ఉత్తరంలో ఉన్నది అకౌంటెంటు కంటే ముందు నీకు తెలియాలి.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ అమ్మ మోకాలు ఇప్పుడు నయం. డాక్టరు రోజూ నడవమన్నాడని నాలుగో నంబరు గొడుగు దాకా నడిచి వస్తోంది, వచ్చి నా పనిలో వంకలు పెట్టి వెళుతోంది. వంటింటి కుళాయి బాగు చేశాను. ఒట్టు. ఇంటికి రెండింతలుండే గొడుగుని చెప్పినవైపుకి తిప్పే మెకానిక్కుకి కుళాయి వాషరు మార్చడానికి ఏడు నెలలు పట్టిందని నువ్వంటావని తెలుసు, అందుకే నేనే ముందు అనేశాను. కొత్తగా వచ్చిన ఇంజనీరుని ఏడిపించానా అని అడిగావు. ఎక్కువేం లేదు. గొడుగుకి చక్కిలిగింతలు ఎక్కువ, గ్రీజు మెల్లగా రాయకపోతే పక్కకి తిరిగిపోతుందని చెప్పాను. ఎంత మెల్లగా రాయాలో కాగితం మీద రాసిమ్మని వెళ్లి మా ఆఫీసు పెద్దమేడంని అడిగాడు పాపం.

ఇంకో ప్రశ్న అడిగావు. దానికి వస్తాను. ఇప్పటికి రెండుసార్లు మొదలుపెట్టి కాగితం చింపేశాను, అందుకే చుట్టు తిరిగి వస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మ అద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. ఈసారి నేను దాచలేదు. చదివి పెట్టమంది. నేను గొంతు సవరించుకుని, "నెలాఖరుకి ఇక్కడి కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించమని అడగదలచుకోలేదు, వచ్చేస్తున్నాను" అన్న ముక్క వీధికి వినిపించేలా చదివాను.

"ఎందుకొస్తోందిట?" అంది.

"మనిద్దరి మీద బెంగ పెట్టుకుని."

"నా మీద బెంగ పడే రకం కాదు అది. నీ మీద అసలే కాదు. ఆ కాగితం వెనక్కి తిప్పు."

"వెనకేం లేదత్తా."

"వెనక సిరా ఇటు దిగింది. అద్దాలు పోయాయి గానీ కళ్లు పోలేదు అల్లుడూ. తిప్పు."

తిప్పాను. చదివాను. "నా కంటి మీద నాకు నమ్మకం పోయింది. చిలక కూతకీ ఆకాశం నుంచి వచ్చిన కూతకీ తేడా తెలియని మనిషి ఈ పనిలో ఉండకూడదు. అది చిలక కాదని అందరి ముందూ వాదించి, తర్వాత తప్పయిందని రాసిచ్చాను. ఒక్కటి చెప్పు. ఆ రోజు నువ్వు మీట నొక్కినప్పుడు ఎక్కిలి ఎందుకు రాలేదు? అది తెలిస్తే మనసు కుదుటపడి వచ్చేస్తాను."

మీ అమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "చిలకేంటి, ఎక్కిలేంటి? మీరు ఆకాశం చూస్తారా, పక్షుల్ని పెంచుతారా?" అంది. దాంతో మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. నువ్వు నాకు ఎలా చెప్పావో అలాగే చెప్పాను. "అత్తా, ఈ గొడుగుల మీద ఆకాశం నుంచి రేడియో రొద పడుతూనే ఉంటుంది. అంతా ఉత్త రొద. ఏళ్లకేళ్లు చూస్తే ఎప్పుడో ఆ రొదలో ఒక్క కూత. రెప్ప వేసేలోపు అయిపోతుంది. బాగా దూరం నుంచి వస్తుంది కాబట్టి సన్నగొంతు ముందు చేరుతుంది, బొంగురుగొంతు వెనక చేరుతుంది. తెర మీద చూస్తే ఏటవాలుగా ఒక గీత. ఆ వాలుగీతని పట్టుకోవడమే మీ అమ్మాయి పని."

"సంతలో తప్పిపోయిన పిల్లాడి కేక పట్టుకున్నట్టు."

"అంతే. కాకపోతే ఈ పిల్లాడు ఒక్కసారే అరుస్తాడు. మళ్లీ అరుస్తాడో లేదో ఎవరికీ తెలీదు."

మా మేడంది, మీది, ఇంకో ఊళ్లోది, ఈ మూడు జట్ల సంగతి కూడా చెప్పాను. వెనకటికి రొదలోంచి కూతని ఏరే ప్రోగ్రాము, మీ భాషలో జల్లెడ, ఎవరిది వాళ్లు దాచుకునేవారనీ, ఒకళ్లకి దొరికిందంటే మిగతావాళ్లు నీ జల్లెడకి చిల్లి అనేవారనీ, ఇప్పుడు ముగ్గురూ ఒప్పందం మీద ఎవరి ప్రోగ్రాము వాళ్లు మిగతా ఇద్దరికీ ఇచ్చేసి, ఒకే రొదని మూడు జల్లెళ్లలోనూ పట్టి, కనీసం రెండిట్లో నిలిచినదాన్నే లెక్కలోకి తీసుకుంటున్నారనీ. "మరి జల్లెడ సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?" అంది. నాకు ముచ్చటేసింది. ఆ ప్రశ్న అడగడానికి మీ పెద్దవాళ్లకి మూడు సమావేశాలు పట్టిందన్నావు.

"అందుకేనత్తా చిలక. గుట్ట మీద ఒక పెట్టె పెట్టారు. మీట నొక్కితే అచ్చం ఆ కూత కూస్తుంది. ఎప్పుడు నొక్కాలో డబ్బాలో చీటీలు తీసి నేను నొక్కాలి, నోటుబుక్కులో రాసి కవరులో పెట్టి లక్క వేయాలి. కంప్యూటర్లో పెడితే ఎవరో ఒకరు తొంగి చూస్తారని కాగితం మీదే. జట్లు తమకి దొరికినవి చెప్పాక కవరు విప్పుతారు. ఎన్ని పట్టారు, ఎన్ని వదిలేశారు తేలిపోతుంది. నొక్కేటప్పుడు మీట స్ప్రింగు కొంచెం వదులు, కూతకి ముందు చిన్న చుక్క పడుతుంది. దాన్ని కనిపెట్టింది మీ అమ్మాయే. ఎక్కిలి అని పేరు కూడా పెట్టింది."

"మరి ఆ రోజు ఎక్కిలి ఎందుకు రాలేదు?"

"చిలక ముందే మంచినీళ్లు తాగేసి ఉంటుంది" అని, నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను.

మీ అమ్మ నవ్వలేదు. "అల్లుడూ, పాతికేళ్ల నుంచి చూస్తున్నాను. నువ్వు జోకు వేస్తే ఎదుటివాళ్ల మొహం చూస్తావు. గ్లాసులోకి చూశావంటే అందులో ఏదో పడిందన్నమాటే" అని లేచి వెళ్లిపోయింది.

ఇక చుట్టు తిరగడానికి దారి లేదు. చెప్పేస్తున్నాను. ఆ పన్నెండోది నేను నొక్కలేదు.

పదకొండూ నేను నొక్కినవే. చీటీలో ఏ వేళ ఉంటే ఆ వేళకి, వానలో కూడా గుట్టెక్కి నొక్కాను. నన్ను చిలకకి కాపలా పెట్టేటప్పుడు మూడో జట్టు గొణుగుడాయన "వాళ్లావిడ అవతల జట్టులో ఉందిగా" అని గొణిగితే, పెద్దమేడం "గ్రీజన్న ఎన్ని వేషాలు వేసినా చెప్పిన మాట దాటడు" అంది. ఆ మాటకోసమే ఆరు వారాలు నీకు ఉత్తరం ముక్క రాయలేదు. పెళ్లయ్యాక నీతో అన్నాళ్లు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

కవరు విప్పిన రోజు హాల్లో ఇరవైమంది ఉన్నారు. మేడం ఒక్కొక్కటే చదువుతోంది, స్పీకరులోంచి మీ జట్టు, గొణుగుడాయన జట్టు ఔనంటున్నారు. పదకొండయ్యాయి. నా జాబితా అయిపోయింది. అప్పుడు మీ జట్టు పెద్దాయన, "మంగళవారం పదకొండూ నలభైకి మాకు ఇంకొకటి ఉంది. ముందు మా అమ్మాయి గుర్తు పెట్టింది, తర్వాత మీ జల్లెడలోనూ నిలిచింది" అన్నాడు. మేడం నావైపు తిరిగి, "గ్రీజన్నా, ఒకటి నొక్కి రాయడం మరిచావా?" అంది.

నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? "లేదమ్మా." అంతే. నేనేమన్నానో నీకు స్పీకరులో వినిపించే ఉంటుంది. "అదా మేడం, అది కొసరు. పదకొండు కొన్నవాళ్లకి ఒకటి ఉచితం" అన్నాను. ఇరవైమందీ పగలబడి నవ్వారు. నవ్వుతూనే మేడం ఆ గీత పక్కన "కొసరు" అని రాసి సంతకం పెట్టింది. టీ వచ్చింది. నేను కూడా తాగాను.

మంగళవారం పదకొండూ నలభైకి నేను గుట్ట మీద లేను. నాలుగో గొడుగు కింద వెల్లకిలా పడుకుని గేరుకి గ్రీజు కొడుతున్నాను, పైన క్రేను ఆపరేటరు నన్ను బూతులు తిడుతున్నాడు. గ్రీజు రిజిస్టరులో వేళతో సహా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. గొడుగు కింద ఉండి గుట్ట మీద మీట నొక్కడానికి నా చెయ్యేమీ రెండు మైళ్ల పొడుగు లేదు కదా.

మొదట్లో నాలుక జారిందనుకున్నాను. ఒక్క జోకేగా, సాయంత్రం మేడం చెవిలో వేసేద్దాం అనుకున్నాను. సాయంత్రానికి కాగితం మూడు చోట్లకీ వెళ్లిపోయింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి గొణుగుడాయన జట్టుకి అక్షింతలు పడ్డాయి, వాళ్ల జల్లెడ చిలక కూతని వదిలేసిందని. వాళ్లు జల్లెడ కన్నాలు మరీ సన్నం చేసేశారు. ఒప్పందం ప్రకారం ఆ మార్పు మీ అందరికీ వచ్చింది. ఇప్పుడు మూడు చోట్లా రోజుకి వందల కొద్దీ చెత్త గీతలు జల్లెడలో నిలిచిపోతుంటే, పాపం అందరూ కూర్చుని చేత్తో ఏరుకుంటున్నారట. నా ఒక్క మాటకి మూడు చోట్లా జల్లెడ పాడయింది. ఇంత పెద్ద గొడుగుల్ని నేను బోల్టు మరిచిపోయి కూడా అంత పాడు చేయలేదు ఎప్పుడూ.

ఆ తర్వాత నువ్వు ఎక్కిలి లేదని వాదించావని విన్నాను. "నొక్కినాయనే నొక్కానంటున్నాడమ్మా, పైగా మీ ఆయనే" అని అక్కడ అందరూ నవ్వారని కూడా విన్నాను. ఆ రాసిచ్చిన కాగితం మా ఆఫీసుకీ వచ్చింది. "నా పొరపాటు" అని నీ గుండ్రటి అక్షరాలు. నా జీతం చీటీ మీద సంతకం పెట్టడానికి వెళ్లి, బల్ల మీద అది చూసి, సంతకం పెట్టకుండా వచ్చేశాను.

ఇదంతా చెప్పాక ఊరట కలగాలి. కలగడం లేదు, ఎందుకంటే అసలుది ఇంకా చెప్పలేదు.

నాలుక జారలేదు. నేనే తోశాను. మీ పెద్దాయన "ఇంకొకటి ఉంది" అన్నప్పుడు నాకు చటుక్కున గుర్తొచ్చింది నీ పాత ఉత్తరంలో మాట. నిజమైనది ఒక్కటి దొరికితే ఇంకో మూడేళ్లు పొడిగిస్తారనీ, ఆ పనంతా నీ చేతికే ఇస్తారనీ రాశావు. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు, సంతోషంతో. నేనేమో ఇక్కడ వంటింటి క్యాలెండరులో నువ్వొచ్చే రోజుదాకా ఒక్కొక్క గడి కొట్టేసుకుంటున్నాను. ఇంకో మూడు క్యాలెండర్లు కొనాలా అనుకున్నాను. అది అనుకోవడానికి ఎంతసేపు పట్టిందో, కొసరు అనడానికి అంతే పట్టింది. నువ్వు ఏడేళ్లు వెతికి పట్టుకున్నదాన్ని, నీ వంట తినాలని, కాదు, అది కూడా అబద్ధమే, వంట నేనే బాగా చేస్తాను, సాయంత్రం ఆ గుమ్మంలో నువ్వు కూర్చుని నా జోకులకి విసుక్కుంటుంటే చూడాలని, ఇరవైమంది ముందు నవ్వులపాలు చేశాను.

ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఒకటి ఉంది. నువ్వు వచ్చేస్తున్నానని రాస్తే, మొదట నాకు సంతోషమేసింది. కాగితం వెనక్కి తిప్పకముందే కాదు, తిప్పి చదివాక కూడా. ఒక్క నిమిషం. ఆ నిమిషం తలచుకుంటే నా మొహం నేనే గోడకి తిప్పి పెట్టుకోవాలనిపిస్తోంది.

నిన్న పెరట్లో మీ అమ్మ నీ పరుపు ఎండలో వేసి దులుపుతోంది. నేను వెళ్లి జరిగింది మొత్తం చెప్పాను. దులుపుతూనే వింది. అంతా విని, "అది రావాలని నాకూ ఉంది. నేనూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను" అంది. కర్రతో ఇంకో దెబ్బ వేసి, "కానీ తల వంచుకుని గుమ్మం దాటి వస్తే, దాని మొహం ఎవరు చూస్తారు? నువ్వు చూడగలవా?" అంది. కర్ర పక్కన పడేసి, "పట్టు ఆ చివర" అంది. ఇద్దరం కలిసి పరుపు మళ్లీ చుట్టి, అటక మీద పెట్టేశాం.

ఈ పొద్దున పెద్దమేడం గదికి వెళ్లాను. "మేడం, ఆ పన్నెండోది నేను నొక్కలేదు" అన్నాను. నవ్వింది. "ఇవాళ ఎవర్ని బలి చేస్తున్నావు గ్రీజన్నా?" అంది. ఇంకోసారి చెప్పాను. "కుర్చీలో ఏమైనా పెట్టావా?" అని లేచి కుర్చీ చూసుకుంది. మూడోసారి చెప్పాను. నా మాట నమ్మించడానికి మనిషి ముందు అంతసేపు నిలబడాల్సి రావడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ అబద్ధాలన్నీ ఒక్కసారి చెప్తేనే నమ్మారు. చివరికి చంకలోంచి గ్రీజు రిజిస్టరు తీసి ఆ పేజీ ఆవిడ ముందు పెట్టాను. చదివింది. వేళ చూసింది. మళ్లీ చూసింది. మెల్లగా కూర్చుంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "కవరు విప్పి నలభై రోజులు" అంది. "ఆ నలభై రోజులూ గొడుగులు అటువైపు తిప్పి కూర్చోవాల్సింది. అది మళ్లీ పిలిచిందేమో. మనం వేరేవైపు చూస్తున్నాం." అంతే అంది. తిట్టినా బాగుండేది. ఆ గొడుగుల్ని ఆ నలభై రోజులూ వేరేవైపు తిప్పింది ఈ చేతులే కదా.

చిలక తాళం చెవి బల్ల మీద పెట్టేశాను. ఇక కంట్రోలు గదిలోకి నాకు ప్రవేశం లేదు. ఉద్యోగం సంగతి పైవాళ్లు తేలుస్తారట. అది ఉన్నా ఊడినా అడగడానికి నాకు మొహం లేదు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. సోమవారం పదకొండింటికి మూడు జట్లూ ఫోను మీదకి వస్తాయి. ఆ పన్నెండోది నాది కాదని, ఎందుకు నాదన్నానో కూడా, నా నోటితోనే చెప్పాలి. "నేను చెబితే కాగితం. నువ్వు చెబితేనే నిజం" అంది. సరేనన్నాను.

నువ్వు అది స్పీకరులో పదిమంది మధ్య మొదటిసారి వినకూడదని ఈ ఉత్తరం. రేపు తెల్లవారుతూనే వ్యాను బయలుదేరుతుంది, ఆదివారం సాయంత్రానికి నీ చేతిలో పెడతానని డ్రైవరు మాటిచ్చాడు. వాడికి కూడా నవ్వుతూ ఇవ్వను.

నీ కన్ను తప్పు కాదు. ఎక్కిలి లేదు కాబట్టి లేదన్నావు. నువ్వు చూసినది నువ్వు చూశావు. రాసిచ్చిన ఆ కాగితం వెనక్కి తీసుకో. నెలాఖరుకి రావద్దు. నా కోసమని అసలు రావద్దు. మూడేళ్లయినా ఉండు. నా మీద కోపం తగ్గకపోతే జవాబు రాయకు, నేనేమీ అనుకోను. మీ అమ్మకి మాత్రం రాయి, అద్దాలు దొరికాయి, తనే చదువుకుంటుంది.

ఒక్కటి అడగనా, అడిగే అర్హత లేదనుకో. సోమవారం నేను నోరు తెరవగానే అక్కడా ఇక్కడా అందరూ నవ్వుతారు. గ్రీజన్న గొంతు వినబడితే నవ్వడం వాళ్లకి అలవాటు చేసింది నేనే. మేడం ఒక్కతి నమ్మడానికి రిజిస్టరు కావాల్సి వచ్చింది, స్పీకరులో రిజిస్టరు కనబడదు. అప్పుడు వాళ్లంతా నీ మొహం వైపు చూస్తారు, మొగుడి సంగతి పెళ్లానికి తెలుస్తుందని. నన్ను వెనకేసుకు రావద్దు. ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. నవ్వకు, చాలు. నువ్వు నవ్వడం లేదని చూస్తే వాళ్లూ ఆపి వింటారు.

ఇట్లు,
నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసి, సోమవారం అదే పదిమందిలో తలదించుకోబోతున్న
నీ మొగుడు